తీయకముందు చూడాలి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆడవాళ్లకూ, వాళ్లను దవాఖానకు తీసుకెళ్లే ఇంటివాళ్లకూ ముందుగా ఒక మాట. తెల్లబట్ట అవుతోందనో, నడుం గుంజుతోందనో, నెలసరి ఎక్కువ రోజులు పోతోందనో వెళ్లినప్పుడు "సంచి పాడైందమ్మా, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది, తీసేయించుకో" అని ఎవరైనా అంటే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు మూడు ముక్కలు అడగండి. గర్భసంచి ముఖద్వారం చూశారా? పరీక్ష చేశారా? దాని కాగితం ఏది? ఆ కాగితం చేతికి రాకుండా ఆపరేషన్ బల్ల ఎక్కొద్దు. ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం సంగతి వేరు, అక్కడ డాక్టరు చెప్పినట్టే వినాలి. కానీ మన పల్లెల్లో తీసేస్తున్న సంచులన్నీ అలాంటివి కావు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, ముఖద్వారంలో క్యాన్సర్ అప్పటికే మొదలై ఉంటే, అది తెలుసుకోకుండా చేసే మామూలు గర్భసంచి ఆపరేషన్‌తో జబ్బు పోదు. చుట్టుపక్కల కణజాలంలోకో, లింఫ్ గ్రంథుల్లోకో పాకిన భాగం లోపలే మిగిలిపోతుంది. ఈ క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు. ముదిరిన దశలో అసలు కత్తి పెట్టరు, రేడియేషన్, కీమో ఇస్తారు. లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌కు గర్భసంచే దారి. దాన్ని ముందే తీసేస్తే తర్వాత వైద్యం చేసేవాళ్ల చేతులు కట్టేసినట్టే. ఏ క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టి సంచి తీశారో, ఆ క్యాన్సర్ నిజంగానే ఉన్నప్పుడు ఆ ఆపరేషనే హాని చేస్తుందన్నమాట. తీసిన సంచిని ల్యాబ్‌కు పంపి బయాప్సీ రిపోర్టు తెప్పించాలన్న కనీస నియమం ఎన్ని చోట్ల పాటిస్తున్నారో ఆపరేషన్ అయినవాళ్లు తమ ఫైలు తెరిచి చూసుకుంటే తెలుస్తుంది.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది తెలుగు రాష్ట్రాల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దేశం మొత్తం మీద ఇలాంటివాళ్లు నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరుగుతున్నవే. మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ తిరిగి, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల సంగతి బయటపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఇతర రాష్ట్రాల కేసు మీద 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మొదలై పట్టణంలో నర్సింగ్‌హోమ్ దాకా సాగే దారి మాత్రం అలాగే ఉంది.

ఇక ఈ సంపాదకీయానికి అసలు కారణమైన ప్రశ్న. కోత సంగతి ఇదైతే, ముందుగా చూసే పరీక్ష ఎంతమందికి జరిగింది? మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ముప్ఫై దాటిన ఆడవాళ్లలో నూటికి ఎందరు ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారు?

అదే కుటుంబ ఆరోగ్య సర్వే 30 నుంచి 49 ఏళ్ల వాళ్లను ఈ ప్రశ్న అడిగింది. దేశం మొత్తం మీద "చేయించుకున్నాం" అన్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు, 1.9 శాతం. అందరికంటే ముందున్న తమిళనాడులోనే పదికి చేరలేదు. తెలంగాణ తమిళనాడుకు చాలా వెనకే ఉంది. జిల్లాల వారీ కాగితాలూ వచ్చాయి, వాటిలో ఒక్కో జిల్లాకు దశాంశ బిందువుతో సహా ఒక శాతం ఉంటుంది. ఆ శాతాన్ని సమీక్షా సమావేశంలో తెర మీద వేసి, పక్క జిల్లాతో పోల్చి చప్పట్లో చీవాట్లో పంచుతుంటారు. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

తెలంగాణలో ఈ సర్వే 27,500 మంది పైచిలుకు ఆడవాళ్లతో మాట్లాడింది. అప్పటి 31 జిల్లాలకు పంచితే ఒక్కో జిల్లాకు తొమ్మిది వందల లోపే. అందులో 30 దాటినవాళ్లు నాలుగు వందలకు అటూ ఇటూ. వాళ్లలో నూటికి ముగ్గురు పరీక్ష చేయించుకున్నారనుకుందాం, అంటే జిల్లా మొత్తానికి పన్నెండు మంది. పన్నెండు మంది మీద నిలబడ్డ శాతం అది. అసలు విలువ రెండో ఐదో తేల్చి చెప్పలేం. పైగా సర్వే వాళ్లు ఒక్కో ఊరిలో లేదా వార్డులో 22 ఇళ్లు పట్టుకుంటారు. జిల్లాకు నలభై చోట్లు. ఆ నలభైలో ఏ రెండు ఊళ్లలోనో అంతకుముందు క్యాన్సర్ శిబిరం జరిగి ఉంటే జిల్లా శాతం ఒక్కసారిగా పెరిగిపోతుంది. జరగకపోతే సున్నాకు దగ్గర పడుతుంది. జిల్లాలో నిజంగా మారిందేమీ ఉండదు.

అన్నమంతా పిసికి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలంటారు. అది ఒకే కుండలో ఒకే మంట మీద ఉడికిన అన్నానికి. ఆదిలాబాద్ పట్టణంలో రిమ్స్ ఆస్పత్రికి నడిచి వెళ్లగల మనిషికీ, నార్నూర్, గాదిగూడ మండలాల కొండల్లో గోండు గూడెంలో ఉన్న మనిషికీ ఒకే సగటు కట్టడం కుదరదు. కరీంనగర్ పట్టణ శివార్లలో రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు ఉన్నాయి. అదే ఉమ్మడి జిల్లాలో మంథని అడవి అంచు ఊళ్లకు లేడీ డాక్టరు దొరకడమే కష్టం. రెండింటినీ కలిపి ఒక అంకె చెబితే అది ఎవరి అంకె?

ప్రశ్న అడిగే తీరు కూడా అంకెను మార్చేస్తుంది. 2015-16 సర్వేలో "ముఖద్వారానికి ఎప్పుడైనా పరీక్ష జరిగిందా" అన్న తీరులో అడిగితే దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో నూటికి 22 మంది అవునన్నారు. తర్వాతి సర్వేలో "ముఖద్వార క్యాన్సర్ కోసం స్క్రీనింగ్ పరీక్ష" అని అడిగేసరికి అది రెండు లోపలికి పడిపోయింది. నాలుగైదేళ్లలో దేశం అంత వెనక్కి నడవలేదు, ప్రశ్న మారింది. లూప్ వేసినప్పుడో, కాన్పు తర్వాతో, తెల్లబట్టకు చూపించుకున్నప్పుడో లోపల చూసిన ప్రతి సందర్భాన్నీ ఆడవాళ్లు పరీక్షే అనుకోవడంలో వింత లేదు. ఎందుకు చూస్తున్నామో వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ.

సర్కారు రిజిస్టర్లలోనూ ఇలాంటి తప్పే జరిగే వీలుంది. ముప్ఫై దాటిన ప్రతి మనిషి గురించీ ఆశ వర్కర్ నింపాల్సిన ఫారం ఒకటుంది. బీపీ, షుగర్ ప్రశ్నలతో పాటు నెలసరి మధ్యలో రక్తం కనిపిస్తోందా లాంటివీ అందులో ఉంటాయి. ఆ ఫారం నింపడం మంచి పనే. కానీ అది ప్రశ్నలు అడగడం, పరీక్ష చేయడం కాదు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, ముఖద్వార క్యాన్సర్ మూడింటినీ "క్యాన్సర్ స్క్రీనింగ్" అనే ఒకే గడిలో కలిపి వేల సంఖ్య చూపిస్తే, నోరు తెరిచి చూపించిన మనిషి కూడా ముఖద్వార పరీక్ష అయినట్టే లెక్కలోకి ఎక్కుతుంది. ఏ జిల్లా అధికారి అయినా స్క్రీనింగ్ సంఖ్య చదివి వినిపించినప్పుడు విలేకరులు అడగాల్సింది ఒక్కటే: ఇందులో ఎంతమందిని పడుకోబెట్టి, లైటు వేసి, ముఖద్వారం చూశారు?

ఆ చూడటం ఏమంత పెద్ద పని కాదు. ముఖద్వారం మీద మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్ నీళ్లలో తడిపిన దూది అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు, మత్తు అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. 2016లో కేంద్రం ఇచ్చిన కార్యాచరణ పత్రం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలంది. దీనికీ లోపాలున్నాయి. ముట్లుడిగిన వాళ్లలో మచ్చ పడేచోటు లోపలికి జరిగిపోతుంది కాబట్టి వాళ్లకు ఇది సరిగా పనిచేయదు. వాళ్లకు ముఖద్వారం కణాలను చూసే పాప్ స్మియర్ గానీ, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను పట్టే పరీక్ష గానీ కావాలి. కొన్నిసార్లు మామూలు వాపుకూ తెల్లగా కనిపిస్తుంది.

అందుకే రెండో హెచ్చరిక. శిబిరంలో "పాజిటివ్" అంటే క్యాన్సర్ ఉందని కాదు. అది పట్టుకుని "ఇక సంచి తీయాల్సిందే" అనే మనిషి మాట అసలు వినొద్దు. క్యాన్సర్ కాకముందు దశలో ఉన్న మచ్చను చల్లదనంతోనో వేడితోనో అక్కడికక్కడే మాడ్చేసే చికిత్స ఉంది. చాలామందికి అది చాలు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా.

కొన్నేళ్ల కింద కరీంనగర్‌కు ఈ విషయంలో ఒక గౌరవం దక్కింది. 2023 మార్చి 8న అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు 'ఆరోగ్య మహిళ' కార్యక్రమాన్ని ఇక్కడి బుట్టిరాజారాం కాలనీ పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే మొదలుపెట్టారు. రాష్ట్రంలో తొలి విడతగా వంద కేంద్రాలు, ప్రతి మంగళవారం ఆడవాళ్లకే, చూసేవాళ్లూ ఆడవాళ్లే. క్యాన్సర్ పరీక్షలు అందులో ఒక భాగం. ఆలోచన మంచిది, మగ డాక్టరు ముందు పడుకోలేక తిరిగిపోయే వాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కానీ ఒకసారి కూడికలు చేసి చూద్దాం. 2011 జనగణనలో ఉమ్మడి కరీంనగర్ జనాభా 37.76 లక్షలు, ఉమ్మడి ఆదిలాబాద్ 27.41 లక్షలు. కలిపి 65 లక్షల పైన. ఐదుగురిలో ఒకరు 30 నుంచి 65 మధ్య వయసు ఆడమనిషి అనుకుంటే 13 లక్షల మంది. ఐదేళ్లకోసారి అందరికీ కావాలంటే ఏడాదికి 2.6 లక్షలు. మంగళవారాల మీదే ఆధారపడితే వారానికి ఐదు వేల మందిని చూడాలి. ఏ కేంద్రం ముందైనా మంగళవారం పూట అంత వరుస కనిపించిందా?

ఇదే లెక్కను ఊరి నుంచి చూస్తే మనసు కాస్త కుదుటపడుతుంది. సుమారు వెయ్యి మందికి ఒక ఆశ. ఆమె పరిధిలో ఈ వయసు ఆడవాళ్లు రెండు వందల మంది. ఏడాదికి నలభై మంది. వారానికి ఒక్క మనిషి కూడా కాదు. రెండు వందల పేర్లు ఆమెకు నోటికి వచ్చు. ఎవరి మొగుడు దుబాయిలో ఉన్నాడో, ఎవరి గర్భసంచి ఏ పట్టణంలో ఎప్పుడు తీశారో కూడా తెలుసు. మరి జిల్లా శాతాన్ని ఢిల్లీ సర్వేతో అంచనా కట్టడం దేనికి? ఇక్కడ అంచనా అవసరమే లేదు, మనిషి మనిషినీ లెక్కపెట్టవచ్చు. పేరు, వయసు, పరీక్ష అయిందా, ఏ తేదీన, ఏ పరీక్ష, ఏమని తేలింది, తేలాక వైద్యం అందిందా. ఇంకో గడి తప్పకుండా ఉండాలి: సంచి తీశారా, తీస్తే ముఖద్వారంతో సహా తీశారా. కొన్ని ఆపరేషన్లలో పైసంచి తీసి ముఖద్వారం వదిలేస్తారు. అలాంటివాళ్లకు ముప్పు అలాగే ఉంటుంది, పరీక్షా కావాలి. మొత్తంగా తీసేసినవాళ్లను మాత్రం విడిగా రాయాలి. వాళ్లను కూడా "పరీక్ష కానివాళ్లు" అని కలిపేస్తే శాతం తప్పు, లేరని తుడిచేస్తే అంతకంటే పెద్ద తప్పు. అలా తుడిచేస్తే, పరీక్ష లేకుండా సంచి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఇక ఎప్పటికీ తెలియదు.

రిజిస్టర్‌ను నమ్మొచ్చా అన్న అనుమానం సహజం. ఒక్కో సబ్ సెంటర్ పరిధిలో లాటరీ తీసినట్టు 19 మంది పేర్లు తీసి, వేరే ఊరి నర్సుతో అడిగించే పద్ధతి ఉంది. టీకాల తనిఖీలో చాలా దేశాలు వాడుతున్నదే. "స్క్రీనింగ్ అయిందా" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు. "బల్ల మీద పడుకోబెట్టి, లోపల దూదితో అద్ది చూశారా" అని అడిగితే అబద్ధం చెప్పేవాళ్లు ఉండరు, మర్చిపోయేవాళ్లూ తక్కువే.

ఉత్తర తెలంగాణ ఆడవాళ్లకు రోజు పోవడమంటే ఏమిటో కూడా ఆలోచించాలి. సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మనిషికి కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లి వస్తే ఆ పూట కూలి లేనట్టే. గల్ఫ్‌లో ఉన్న మగమనిషి పంపే డబ్బు అప్పు వడ్డీకి పోతుంటే తన ఒంటి సంగతి తనకే చివరికి వస్తుంది. తునికాకు, జర్దా పంచి, చుట్టిన బీడీలు కొలిచి తీసుకునే చోటికే నర్సు వెళ్లొచ్చు కదా? హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనాను ఆడవాళ్లే చాటుగా తీసి ఇచ్చే వీలుంది, ఎవరి ముందూ పడుకోవాల్సిన పని లేదు. ఖర్చు ఎక్కువే. కానీ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందువరుసలో వాడమన్నది ఆ పరీక్షనే.

దాని బలం ఏమిటో మన పక్కనే రుజువైంది. తుల్జాపూర్ భవానీకి మొక్కు చెల్లించడానికి మనవాళ్లు వెళ్లే ఉస్మానాబాద్ జిల్లాలో, ఇప్పటి ధారాశివ్‌లో, 30 నుంచి 59 ఏళ్ల 1,31,746 మంది పల్లె ఆడవాళ్లతో ఒక పెద్ద పరిశోధన జరిగి 2009లో ఫలితాలు వచ్చాయి. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు వైద్యం ఇచ్చిన గుంపులో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 34 మంది. ఏ పరీక్షా చేయని గుంపులో 64 మంది. ఒక గుంపుకు పరీక్ష చేయకుండా వదిలేయడం మీద తర్వాత నైతిక విమర్శలు వచ్చాయి, న్యాయమైన విమర్శలే. అయితే ఏ పరిశోధనా లేకుండానే మన రెండు ఉమ్మడి జిల్లాల ఆడవాళ్లలో చాలామంది ఇన్నేళ్లుగా ఆ వదిలేసిన గుంపులోనే ఉన్నారు. దాని మీద విమర్శ రాసినవాళ్లు లేరు.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో కూడా తెలుగు నేల మీదే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకం పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే, నేటి పిల్లలకు అందాలి. కానీ ఆదివాసీ గూడేల్లో, తండాల్లో సూది అన్నా శిబిరం అన్నా ఇవాళ్టికీ వెనకాడేవాళ్లుంటే తప్పు వాళ్లది కాదు. గోండిలో, కొలామీలో, లంబాడీలో చెప్పగలిగిన మనిషి పక్కన లేకుండా ఉట్నూరు ఏజెన్సీలో పరీక్ష మొదలుపెట్టకూడదు. పాజిటివ్ వచ్చిన మనిషిని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రికి పొమ్మని చీటీ రాసిస్తే ఆదిలాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్లు. ఆ చీటీ దూలానికి చెక్కి ఉండిపోతుంది. మచ్చ మాడ్చే పరికరం శిబిరంతో పాటే రావాలి, పెద్ద వైద్యం అవసరమైనవాళ్లకు బండీ, తోడుగా ఒక మనిషీ ఉండాలి.

ఒక అపోహ మీద కూడా ఒక్క మాట. హెచ్‌పీవీ వైరస్ కలయిక ద్వారా వస్తుంది కాబట్టి పాజిటివ్ అనగానే ఇంట్లో అనుమానాలు పుడతాయి, ముఖ్యంగా మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో. పెళ్లయిన ఆడామగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్ ఇది. చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుంది. ఎప్పుడు తగిలిందో, ఎవరి నుంచి తగిలిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ ఫలితం కాగితం పట్టుకుని పంచాయతీ పెట్టే మగవాళ్లకు ఊరి పెద్దలే బుద్ధి చెప్పాలి. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కాబట్టి వాళ్లు ముప్ఫై దాకా ఆగకుండా 25 నుంచే పరీక్ష చేయించుకోవాలి.

కలెక్టర్లు ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. జిల్లాలో జరిగే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కూ, సర్కారు దవాఖాన అయినా ప్రైవేటు అయినా, ముందు చేసిన ముఖద్వార పరీక్ష కాగితమూ తర్వాతి బయాప్సీ రిపోర్టూ జిల్లా వైద్యాధికారికి చేరాలని ఆదేశించడం. మండలాల వారీగా ఎన్ని సంచులు తీశారు, ఎన్నింటికి కాగితాలున్నాయి అని మూడు నెలలకోసారి పత్రికలకు ఇవ్వండి. పరీక్షల శాతం కంటే ముందు ఈ అంకె చూడాలని మా కోరిక. ఆర్ఎంపీలకూ చెప్పేది ఉంది. మీ దగ్గరికి వచ్చిన ఆడమనిషిని ఆపరేషన్‌కు పంపితే మీకు ఏం ముడుతుందో ఊరికి తెలుసు. పరీక్షకు పంపితే ఏమీ ముట్టకపోవచ్చు. అయినా పంపండి.

చివరగా, ఏ శిబిరం కోసమూ ఎదురుచూడకూడని వాళ్లు. ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, నెలసరికీ నెలసరికీ మధ్యలో మరకలు పడుతున్నా, దుర్వాసనతో నీళ్లలాంటి స్రావం ఆగకపోయినా, కిందటేడు పరీక్షలో బాగుందన్న కాగితం చేతిలో ఉన్నా సరే, జిల్లా ఆస్పత్రిలో గైనిక్ డాక్టరుకు చూపించుకోవాలి. మంగళవారం దాకా కూడా ఆగొద్దు.